గోడను తట్టి చూసినవాడు

మా బాబాయి ఏదైనా ముందు తట్టి చూసేవాడు. ఖరగ్‌పూర్ స్టేషన్లో ఆగిన రైళ్ళ చక్రాలను సుత్తితో కొట్టి, మోతను బట్టి పగులు కనిపెట్టడం ఆయన ఉద్యోగం; ఆయన పాస్ చేస్తేనే బండి కదిలేది. ఇంటికి కుండ కొన్నా, పుచ్చకాయ కొన్నా అంతే.

రిటైరయ్యాక ఆ ఊళ్ళోనే ప్రేమ్ బజార్‌లో ఓ పాత ఇల్లు చూశాడు, బాగుచేయించి లాభానికి అమ్ముదామని. ముందు ఎవరైనా మేస్త్రీకి చూపించమన్నాను.

"మేస్త్రీ ఏటి సెప్తాడురా? నాను గోడ కొట్టి సూసినాను. కంగుమన్నాది," అన్నాడు.

కొన్నది ఎండాకాలంలో. వానలు మొదలవగానే గోడలకు చెమ్మెక్కింది. కొత్త ప్లాస్టరు వేయిస్తే నెలకే ఉబ్బింది. మళ్ళీ వేయించాడు, మళ్ళీ ఉబ్బింది. ఆయన ఫండు డబ్బంతా ఆ గోడలే తాగేశాయి. చూస్తూ కూర్చోవడం తప్ప నేను చేయగలిగిందేమీ లేకపోయింది.

చివరికి పైన రంగు వేయించి అమ్మకానికి పెడితే, ఒక బెంగాలీ పెద్దమనిషి వచ్చాడు. కొత్త రంగు చూసి ముచ్చటపడి, అడ్వాన్సు ఇవ్వడానికి జేబులో చెయ్యి పెట్టాడు. సరిగ్గా అప్పుడే, అలవాటు కొద్దీ, బాబాయి వేలు గోడను తట్టింది. డొల్లగా పలికింది. ఆయన చెయ్యి గోడ మీదే ఆగిపోయింది.

"ఈ బండిని నాను పాస్ సెయ్యలేనురా," అన్నాడు నాతో, నేల చూస్తూ. "ఆ బెంగాలీ దాదాకి నువ్వే సెప్పు."