ఉలవలు పరిచిన రోడ్డు, రత్నమ్మత్త

నిన్న పొద్దున బాగేపల్లి నుంచి చంద్ర ఫోన్ చేశాడు. మా చిన్నాన్న కొడుకు.

"అక్కా, రత్నమ్మత్త పోయిందక్కా. కాఫీ తాగి పడుకునింది. మళ్ళా లేయలేదు."

సరే అన్నాను. ఫోన్ పెట్టేశాను. పాలు పొంగుతుంటే స్టవ్ ఆపాను.

అంతే. ఇంకేమీ తోచలేదు.

ఇప్పటికీ ఏడుపు రాలేదు. రాస్తే వస్తుందేమోనని ఈ పోస్ట్ రాస్తున్నాను.

రత్నమ్మత్త మా నాన్న చెల్లెలు. రోడ్ సేఫ్టీ అనే మాట మా వైపు ఎవరికీ తెలియని కాలంలో ఆ పని మొదలుపెట్టిన మనిషి. జీతం లేదు, ఆఫీసు లేదు. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం చుట్టుపక్కల ఊరూరా తిరిగింది.

ఎందుకు మొదలుపెట్టిందో ఇప్పటి పిల్లలకు తెలియదు. అది చెప్పాలి.

అరవైల మాట. నేను అప్పుడు స్కూల్లో ఉన్నాను. మా ఊరి మీదుగా చింతామణికి వెళ్ళే రోడ్డుకు కొత్తగా తారు వేశారు. ఆ నున్నటి రోడ్డు చూసి ఊరందరికీ వచ్చిన మొదటి ఐడియా ఏమిటో తెలుసా?

దీని మీద ఉలవలు పరిస్తే బాగుంటుంది అని.

నవ్వకండి. కళ్ళంలో నూర్చాలంటే నేల అలకాలి, ఎద్దులకు రాతి గుండు కట్టి తిప్పాలి. రోడ్డు మీదైతే పీకిన చెట్లు పరిచేసి పక్కన కూర్చుంటే చాలు. బస్సు వచ్చి తొక్కేసి పోతుంది, గింజలు రాలతాయి. పంగలకర్రతో తిరగేస్తే మిగతాది తర్వాతి బస్సు చూసుకుంటుంది. ఆ డ్రైవర్లను ఆపి మజ్జిగ కూడా ఇచ్చేవాళ్ళు మా వాళ్ళు.

అత్త ఇలాంటి వాటిలో అందరికంటే హుషారు. ఆ ఏడాది ఊళ్ళో అందరికంటే ముందు ఆమే పరిచింది.

మామ చింతామణి సంత నుంచి సైకిల్ మీద వస్తున్నాడు. వెనక మురుగమల్ల దర్గాకు వెళ్ళే బస్సు. దారి ఇద్దామని పక్కకు తిప్పాడు. ఎండిన ఉలవ కట్టెల మీద సైకిల్ జారింది. మామ బస్సు ముందు పడ్డాడు.

డ్రైవర్ బ్రేక్ వేశాడు.

చక్రాలు ఆగాయి. బస్సు ఆగలేదు.

అత్త రోడ్డు పక్కనే ఉంది, పంగలకర్ర పట్టుకుని.

ఇంతకంటే రాయలేను.

ఊరంతా డ్రైవర్‌ను కొట్టడానికి ఎగబడింది. అత్త అడ్డం నిలబడింది. "ఆయప్పను విడవండి. ఉలవలు పరిచింది నేను."

ఆ మాట ఆ తర్వాత ఆమె జీవితమంతా చెప్పింది. ఎవరు అడిగినా, అడగకపోయినా.

మరుసటి కోతల నుంచి అత్త బస్సులెక్కడం మొదలుపెట్టింది. రోడ్డు మీద పంట కనిపిస్తే చాలు, బస్సు ఆపించి దిగి పక్కకు లాగేది. సంతకు లేట్ అవుతోందని ప్యాసింజర్లు తిట్టేవాళ్ళు.

"మీరూ దిగి ఒక చెయ్యేస్తే బిరీన అయిపోతాది కదప్పా," అనేది.

ఒకసారి మంచేనహళ్ళి దగ్గర ఒక రైతు అడ్డం తిరిగాడు.

"రోడ్డు ఏమన్నా మీ అప్పనిదా?"

"కాదప్పా. నేనూ నీ మాదిరే పరిచినాను. నా మొగుడు దాని మీదనే పోయినాడు."

ఆయన, "అయితే మేము యాడ నూర్చుకోవల్లమ్మా?" అన్నాడు. పొగరుగా కాదు, నిజంగానే అడిగాడు. అంత చదునైన జాగా ఆయనకు వేరే లేదు.



అత్త ఇంటికి వచ్చి, రోడ్డు పక్కనున్న తన చేనులో సగం చదును చేయించింది. ఎవరైనా తెచ్చి నూర్చుకోవచ్చు. తర్వాత ఎన్నో ఊళ్ళలో జాగా ఉన్నవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి అలాంటి కళ్ళాలు ఇప్పించింది. తనతో తిరిగే ఆడవాళ్ళను పోగేసి ఒక సంఘం పెట్టింది. జనం ఎగతాళిగా "ఉలవల సంఘం" అనేవాళ్ళు. అత్త కూడా అదే పేరు చెప్పుకునేది.

చాలా ఏళ్ళ తర్వాత, దేశదేశాల్లో రోడ్ సేఫ్టీ మీద పనిచేసేవాళ్ళు కొందరు ఫారిన్ నుంచి ఆమెను చూడటానికి వచ్చారు. హెల్మెట్, స్పీడ్, సీట్ బెల్ట్ అంటూ చాలా చెప్పారు. ట్రాన్స్‌లేషన్ నాది. అత్త అంతా విని ఒక్కటే అడగమంది.

"వాళ్ళ ఊర్లల్లో పంట యాడ నూరస్తారంట?"

మెషిన్‌లో అన్నారు.

"అదృష్టవంతులు," అంది. ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఈరోజు మధ్యాహ్నం మట్టి చేశాం. బాగేపల్లిలో చంద్ర ఇంటి నుంచి వ్యానులో మా ఊరికి తీసుకెళ్ళాం. నేను ముందు సీట్లో కూర్చున్నాను.

ఊరు ఇంకాస్త దూరం ఉందనగా, సగం రోడ్డు మీద ఉలవలు.

అవును, ఇప్పటికీ. అంత చెప్పినా.

"ఏం కాదులేమ్మా, మెల్లగా పోనిస్తా," అన్నాడు డ్రైవర్.

"ఆపప్పా."

దిగాను. నా మోకాళ్ళ నొప్పుల సంగతి మీకు తెలుసు. వంగి చేతులతోనే పక్కకు లాగడం మొదలుపెట్టాను. చంద్ర దిగాడు. వెనక కార్లలో వాళ్ళూ దిగారు. చేను గట్టు మీద నుంచి మొగుడూ పెళ్ళాం పరిగెత్తుకొచ్చారు.

"మేం తీస్తాం లేమ్మా. ఎవరు పోయినారు?"

"రత్నమ్మ."

అతను వ్యాను వైపు చూశాడు. "కళ్ళం రత్నమ్మా?"

తలూపాను.

ఇద్దరూ ఉలవలన్నీ మోపులు కట్టి వాళ్ళ ట్రాక్టర్‌లో వేశారు. ఒక్క కట్టె కూడా వదల్లేదు. మేము అక్కడే నిలబడ్డాం. వ్యాను కదిలాక ట్రాక్టర్ కూడా వెనకాలే వచ్చింది.

అత్త కళ్ళం పక్కనే మామ సమాధి. ఆ పక్కనే అత్తను పెట్టాం. మేము మట్టి వేస్తుంటే, కళ్ళంలో వాళ్ళు ఉలవలు దించుతున్నారు.

అప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు.

అత్తా, పరిచింది నేనేనని ఇక ఎవరికీ చెప్పుకోవద్దు. ఇకనైనా నీ మనసు నెమ్మదిగా ఉండాలి.

పోయిరా. రోడ్డు ఖాళీగా ఉంది.