బతికున్న మనిషికి శ్రద్ధాంజలి

మా అన్న జమ్మికుంట పత్తి యార్డుల హమాలీ. మూడేండ్ల కింద ఒకరోజు, తూకం కాడ మాట పెరిగి, ఒక ముఠా వాళ్లు పత్తి తెచ్చిన రైతును ఇనుప రాడ్లతోటి కొట్టిండ్రు. చుట్టూ మస్తు మంది నిలబడ్డరు. పోలీసులు అడిగితే చూసిన అని చెప్పింది మా అన్న ఒక్కడే.

తెల్లారి నేను హుస్నాబాద్‌ల బడిల పాఠం చెప్తున్నప్పుడు, ఫోన్ల మా ఊరోళ్ల గ్రూపుల అన్న ఫొటో వచ్చింది. చుట్టూ పూలదండ, కింద దీపం, పైన ‘శ్రద్ధాంజలి’ అని రాసుంది. పుట్టిన సంవత్సరం ఉంది, పోయిన తారీఖు కాడ ఖాళీ. క్లాసు ఇడిసి బయటికి ఉరికిన. ఫోన్ చేస్తే అన్నే ఎత్తి, ఫికర్ చెయ్యకు చెల్లె, యార్డులనే ఉన్న అన్నడు.

ముఠా సంగతి అట్లుంచితే, నాకు రోత పుట్టిచ్చింది ఊరోళ్లు. గ్రూపుల గా ఫొటో కింద దండం బొమ్మలు, నవ్వు బొమ్మలు. పెట్టినోళ్లల్ల అన్నతోటి కలిసి బస్తాలు మోసేటోళ్లున్నరు. చర్చిల నా పక్కన కూసొని ప్రార్థన చేసే ఆమె ఉన్నది. అన్న బిడ్డ అది చూసి మూడు రోజులు బాపు అంగి పట్టుకొని ఇడువలే.

ఇద్దరం ఠాణకు పోయినం. అక్కడి సారు ఫొటో పెద్దగ చేసి చూసి, చంపుతమని ఎక్కడ రాసిండ్రని మమ్ముల్నే అడిగిండు. కోపం ఆగక నేను ముఠా చేసిందంతా పూసగుచ్చినట్టు రాసి గ్రూపుల పెట్టిన. నాలుగు రోజులకు అదే ఠాణ నుంచి నాకు పిలుపు. నా రాతతోటి ముఠావాళ్ల పరువు పోయిందట, తీసెయ్యకుంటే కేసట. భయానికి తీసేసిన. ఇంటికొచ్చి అద్దంల మొఖం చూసుకుంటే నా మీద నాకే రోత పుట్టింది.

కరీంనగర్‌ల ఒక లాయరమ్మను కలిసినం. ఫోన్లల్ల ఎవలు ఎవల్ని ఏమన్నా జైల్ల ఏసే చట్టం రావాలె అని నేను అడిగిన. ఆమె తలకాయ అడ్డంగ ఊపింది.

“అట్లాంటి చట్టం వస్తే ముందుగాల లోపలికి పోయేది మీరే, మేడం. తిట్టేటోన్ని తిట్టుకోనియ్యిండ్రి. సాక్షి నోరు మూపియ్యాలని చూసేటోన్ని పట్టుకోవాలె. అందుకు ఉన్న చట్టమే సాలు. ఠాణల ఫిర్యాదు రాసుకునేటోళ్లు లేరు, అంతే.”

ఆమె కోర్టుకు పోయి కేసు రాయించింది. ఇచారణల వాళ్ల వకీలు అదంతా ఉత్త మజాక్ అన్నడు, మాట్లాడే హక్కు అన్నడు. అన్న బోనుల నిలబడి మెల్లగ చెప్పిండు.

“నన్ను ఏమన్న అనుమనుండ్రి సార్, పడుత. మరి గా తారీఖు జాగ ఖాళీ ఎందుకు ఇడిసిండ్రో గది అడుగుండ్రి.”

ఆఖరికి ఫొటో తయారు చేసిన ముఠావాళ్లు ఇద్దరికి జైలు శిక్ష పడ్డది.

తిరిగొచ్చేటప్పుడు బస్సుల నా పక్క సీట్ల కూసున్నాయన మమ్ముల్ని గుర్తుపట్టిండు. ఒక్క ఫొటోకు జైలు దాక తీసుకపోవుడు అవసరమా, సర్దుకపోతే అయిపోతుండె కదా అన్నడు నవ్వుకుంట. నేను లేచి, జమ్మికుంట వచ్చేదాక నిలబడే ఉన్న.