మామ కొన్న తుపాకి

మొన్న పొద్దున పేపర్లో ఇంకో దేశం అణుబాంబు తయారీకి దిగిందని చదివి, మనవరాలు అడిగింది: "పేల్చడానికి భయపడే బాంబును ఎందుకు చేసుకుంటారమ్మమ్మా?" కాలేజీలో ఏళ్ల తరబడి చరిత్ర చెప్పినదాన్ని, పుస్తకాల జవాబులు నాకు చాలానే తెలుసు. అయినా ముందుగా మా మేనమామ గుర్తొచ్చాడు.

చైనా తొలిసారి అణుబాంబు పేల్చిన ఏడాది, 1964లో, నేను ప్రొద్దుటూరు హైస్కూల్లో ఎస్సెల్సీ చదువుతున్నాను. మన దేశమూ చేసుకోవాలా వద్దా అని బడిలో వక్తృత్వ పోటీ పెట్టారు. సెలవుకు జమ్మలమడుగు దగ్గరి పల్లెలో మామ ఇంటికి పోయినప్పుడు ఏం మాట్లాడాలో ఆయన్నే అడిగాను. మామకు అణువంటే తెలియదు గానీ తగాదాలంటే బాగా తెలుసు. ఎదురింటి దాయాది తుపాకి తెచ్చుకున్న మూడు నెలలకే తానూ లైసెన్సు సంపాదించి, ఒక తుపాకిని వీధిలోకి కనపడేలా నడవలో తగిలించాడు. దాన్ని తుడిచే కొబ్బరినూనెతో అత్త తలకు చుక్క మిగిలేది కాదు. "కాల్చేదానికి గాదు పాపా," అన్నాడు. "వాని చేతిలో ఉండి మన చేతిలో లేకపోతే, వాడు మాట్లాడే తీరే మారిపోతాది." ఆ మాటనే గ్రాంథికంలోకి మార్చి చెప్పి మొదటి బహుమతి కొట్టేశాను. మామ నా సర్టిఫికెట్టును ఊరంతా చూపించాడు, ఒక్క ఎదురింట్లో తప్ప.

తర్వాత ఆ ఇంట్లోకి రెండో తుపాకి వచ్చింది, ఆ వెనకే ఈ ఇంట్లోకీ వచ్చింది. ఏదీ పేలలేదు. కానీ రెండిళ్ల ఆడవాళ్లు మజ్జిగ ఇచ్చిపుచ్చుకోవడం మానేశారు. మామ సాయంత్రాలు అరుగు మీద కూర్చోవడం మానేశాడు. కొన్నేళ్లకు ఒక మధ్యాహ్నం ఆయనకు గుండెనొప్పి వచ్చింది. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క జీపు ఎదురింటిది. అత్త అడగడానికి గడప దాటబోతే, వద్దని మామే చెయ్యి ఊపాడట. ఎద్దులబండి జమ్మలమడుగు చేరకముందే ప్రాణం పోయింది.

దినాలనాడు దాయాది భార్య వచ్చి అత్త పక్కన కూర్చుంది. "శెనక్కాయ చేన్లో అడవిపందులు పడ్తాండాయని గదమ్మా మాయన తుపాకి కొనింది. మీ ఇంట్లో అది కనపడినాంక మాకూ నిద్ర పట్టలే," అంది.

"ఆ మాట ఆ పొద్దే చెప్పింటే?" అంది అత్త.

"మీరూ అడగల్యా గదా."

ఆ రెండిళ్లలోనూ నాకు చనువుండేది. ఎదురింటికి పోయి తుపాకి ఎందుకు కొన్నారని అడగాలని మాత్రం ఏనాడూ తోచలేదు. అప్పుడు ఆ వీధి దాటడానికి పది అడుగులు చాలు. ఇప్పుడు ఎన్నేళ్లు వెనక్కి నడిచినా ఆ గడప చేరలేను.