కుడికాలు పెట్టండి

మొన్న ఆదివారం ఇక్కడ సింగపూర్‌లో, సెరంగూన్ మాల్‌లో మా మనవరాలి స్కూలు బ్యాండు స్వింగ్ జాజ్ వాయిస్తుంటే, చూడ్డానికి వచ్చిన మన తెలుగువాళ్లంతా మహా ఉత్సాహంగా, నాలుగు దెబ్బల తాళంలో ఒకటో దెబ్బకీ మూడో దెబ్బకీ చప్పట్లు కొట్టారు. మనవరాలు ట్రాంబోన్ వెనక నుంచి నాకేసి చూసి కళ్లు తిప్పింది. నాకు మాత్రం నవ్వాగలేదు. ఒకప్పుడు నా కొంప ముంచబోయింది ఆ ఒకటీ మూడే కదా!

మా నాన్నది రాజమండ్రిలో పెళ్లిళ్ల బ్యాండు. ఊరేగింపులో నడుస్తూ వాయించాలి కాబట్టి మొదటి దెబ్బ ఎడమకాలు, రెండోది కుడికాలు, ఊపంతా ఎడమకాలి మీదే పడాలి. ట్రాంబోన్ నా చేతికివ్వకముందే, ఆ జారుడు గొట్టం ఎంత లాగితే ఏ స్వరం పలుకుతుందో చెప్పకముందే, ఆయన నా కాలికి ఈ పాఠం నేర్పాడు. తర్వాత తువాస్‌లో ఓడల యార్డుకి డ్రాఫ్ట్స్‌మన్‌గా వచ్చి, క్లెమెంటిలో కాపురం పెట్టాక, శనివారం సాయంత్రాలు ఒక హోటల్లో వాయించే స్వింగ్ బ్యాండులో ట్రాంబోన్ కుర్చీ ఖాళీగా ఉందని తెలిసి వెళ్లాను. గొప్పలనుకోకండి, ఆ లీడరు, తెల్లమీసాల యూరేషియన్ పెద్దమనిషి, రెండో పాట అడక్కుండానే నెల్లాళ్లు చూద్దామన్నాడు.

చిక్కంతా కాలితో వచ్చింది. స్వింగ్‌లో ఊపు రెండో దెబ్బ మీదా నాలుగో దెబ్బ మీదా ఉంటుంది. నా ఎడమకాలేమో చెక్క వేదిక అదిరేలా ఒకటీ మూడూ తొక్కేది, పక్కన డ్రమ్ములాయనకి లయ తప్పేది. బూట్లు విప్పి వాయించాను, కాలు కుర్చీకి కట్టేసుకున్నాను, లాభం లేకపోయింది. మూడో శనివారం లీడరు అందరి ముందూ, వచ్చేవారానికి ఆ కాలు దారికి రాకపోతే కుర్చీ ఇంకొకరికిస్తానని చెప్పేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటికే నలభై దగ్గరపడుతున్నాయి, ఈ కుర్చీ పోతే ఇంకో బ్యాండు నన్ను పిలవదు, ఇక ట్రాంబోన్‌ని పెట్టెలో పెట్టి మంచం కిందికి తోసేయడమే.

ఆ వారమంతా హాల్లో ఉన్నచోటే అడుగులు వేస్తూ సాధన చేశాను. గురువారం పొద్దున మా ఆవిడ, సంగీతం ముక్క రాని మనిషి, ఆ క్లెమెంటి ఫ్లాట్‌లోకి గృహప్రవేశం నాడు నన్ను గుమ్మంలో ఆపి మరీ కుడికాలు పెట్టించిన మనిషి, బియ్యం ఏరుతూ ఏరుతూ విసుక్కుంది.

"ఏమిటండీ పొద్దున్నే ఆ ఎడమకాలి తొక్కుడు, అచ్చిరాదు. కుడికాలు పెట్టండి."

నాకు ఒళ్లు మండింది. ఆమె నోరు మూయించడానికే కుడికాలు నేలకేసి కొట్టాను. ఎడమ మెత్తగా, కుడి గట్టిగా. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అరె, స్వింగ్ వచ్చేసింది! నాన్న నేర్పిన నడక అలాగే ఉంది, ఊపు మాత్రం కాలు మారింది, అంతే. ఆ శనివారం నుంచి ఇరవై రెండేళ్లు ఆ కుర్చీ నాదే, చచ్చినా ఇంకొకరిని దాని దరిదాపులకి రానివ్వలేదు. నేను బయల్దేరే ప్రతిసారీ మా ఆవిడ గుమ్మం దాకా వచ్చి ఆ మాటే అనేది.

మొన్న మనవరాలు రెండూ నాలుగూ ఎక్కడా తప్పలేదు, కాకపోతే తొక్కింది ఎడమకాలితో. ప్రోగ్రాం అయ్యాక మీ మామ్మ ఏమనేదో తెలుసా అని మొదలుపెట్టానో లేదో, "ఏ లెగ్ అయినా కెన్ లా, తాతా," అంటూ, ఏ కాలైనా పర్లేదని తన సింగపూర్ ఇంగ్లీషులో తేల్చేసి ట్రాంబోన్ తుడుచుకుంది. నిజమే, మనలాగా దానికి కాలితో కుస్తీ పట్టాల్సిన అవసరం రాలేదు, అందుకు నాకు గర్వంగానే ఉంది. ఇంటికొచ్చి తాళం తీశాక మాత్రం గుమ్మంలో కాసేపు ఆగాను. చెప్పే మనిషి లేదు, నా అంతట నేనే కుడికాలు పెట్టాను.