తాళం పడ్డ బూట్లు

ఏ విద్యకైనా లైబ్రరీలో ఒక పుస్తకం ఉంటుందని, అది చదివితే ఇక గురువుతో పనిలేదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. చండ్రుగొండలో ఎరువుల దుకాణంలో కొత్తగా చేరాను కానీ, ఒకచోట కూర్చోవడం నా వల్ల అయ్యేది కాదు. మా అక్క భర్త, అంటే బావ, ఖమ్మంలో ఒక సైకిల్ జట్టు నడిపేవాడు. వాళ్ల పెడళ్లు బూటుకు తాళం పడే రకం. బూటు అడుగున ఉన్న ముక్క పెడల్‌లో టక్కున ఇరుక్కుంటుంది, మడమ బయటికి తిప్పితేనే వదులుతుంది. ఆ జట్టులో చేరాలని దాని గురించి రెండుసార్లు చదివి నోట్సు రాసుకున్నాను (బొమ్మ కూడా వేశాను). తొక్కి చూడడం ఒక్కటే మిగిలింది.

"వస్తదా బామ్మర్దీ నీకు?" అన్నాడు బావ.

"అవ్ బావా, మొత్తం తెలుసు."

"గట్లనా. భద్రాచలం దాంక పడకుండ వస్తే జట్టుల ఉంటవ్. పడితివా, వ్యాన్‌ల సామాన్లతోని వస్తవ్. మళ్ల అడగొద్దు."

గోడ పట్టుకుని ఎక్కినవాణ్ణి పాల్వంచ దాటేదాకా దిగలేదు. అందరూ ఆగి నీళ్లు తాగుతుంటే వాళ్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. ఏం హుషారు అని మెచ్చుకున్నారు కూడా (దిగడం రాక అని నేనెందుకు చెబుతాను?).

అవి భూమి పండుగ రోజులు. విత్తనాలు వేసేముందు అడవి ఊళ్లలో మగవాళ్లు అడవికి వేటకు పోతే, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టి వచ్చేపోయేవాళ్లను పండుగ చందా అడుగుతారు. లారీ అయినా ఆగాల్సిందే. మలుపు తిరగగానే తాడు, దాని ముందు మా జట్టు. తిరగడానికి చోటు లేదు. బ్రేకు వేశాను. మడమ ఎటు తిప్పాలో నోట్సులో ఉంది, నోట్సు ఇంట్లో ఉంది. సైకిల్‌తో సహా మెల్లగా ఒరిగి, తాడు పట్టుకున్న ఒక పెద్దమ్మ కాళ్ల దగ్గర పడ్డాను.

"ఏందయ్యా, చందా అడిగినం గానీ దండం అడిగినమా?" అందామె.

"ఇగ వ్యాన్ ఎక్కు బామ్మర్దీ," అన్నాడు బావ. నా రెండు కాళ్లూ ఇంకా పెడళ్లలోనే ఉన్నాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎందుకెక్కుతడు? మా తాడు కాడ పడ్డడు, మేమే లేపుతం. కాలు తీసుడు నేర్చినంకనే తాడు దించుతం," అంది పెద్దమ్మ.

ఒకామె హ్యాండిల్, ఒకామె సీటు పట్టుకున్నారు. పెద్దమ్మ వంగి నా బూటు కింద ఒకసారి చూసింది. "ఆగకముందే తియ్యాలె గదా, ఆగినంక తీస్తవేంది? కాళ్లు కట్టేసిన మేక నయం, ముందే తన్నుకుంటది. పెట్టు. తియ్యి. మళ్ల పెట్టు." అలాంటి పెడల్ ఆమె ఎన్నడూ చూసి ఉండదు. నేను రెండుసార్లు చదివి వదిలేసిన ముక్క ఆమెకు ఒక్క చూపులో దొరికింది. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి, జట్టు ఎండలో మాడుతోంది, బావ గడియారం చూసుకుంటున్నాడు. నేను పెడుతున్నాను, తీస్తున్నాను. చివరికి వాళ్లు చేతులు వదిలేశారు. నాలుగు గజాలు తొక్కి, కాలు తీసి, ఆగి, నిలబడ్డాను. తాడు దిగింది.

"జట్టుల ఉన్నట్టేనా బావా?" అని భయంభయంగా అడిగాను.

"వాళ్లే పోనిచ్చిన్రు, నడుమ నేనేందిర?" అన్నాడు.

ఇప్పుడు కొత్తవాళ్లకు ఈ పెడళ్లు నేర్పేది నేనే. ముందు గోడ పట్టుకోండి, తర్వాత గడ్డి మీద తొక్కండి, ఒక్కసారైనా పడతారు, సిగ్గుపడకండి అని చెబుతాను. ఆగకముందే కాలు తీయాలన్న పాఠం నాకెంత బాగా పట్టిందంటే, ఆరోజు భద్రాచలంలో ఆగడానికి ఏటికి ఇవతల సారపాకలోనే కుడికాలు బయటికి తీసేసి, దాన్ని గాల్లో వేలాడేసుకుని, గోదావరి వంతెన మొత్తం ఒంటికాలితో తొక్కుతూ మహా గర్వంగా దాటాను. అలా వంతెన దాటిన అప్పటి నా ఫోటో ఒక్కటైనా ఎవరూ తీయలేదే అని ఇప్పుడు అనిపిస్తుంటుంది.