తడి పెయింటు మీద కుంకుమ బొట్లు

రేపు పొద్దున ఎనిమిదికి బావ తన కారు తీసుకెళ్లడానికి పలమనేరు నుంచి వస్తున్నాడు. నీళ్ల మోటారు తెచ్చుకోవాలని ఆ కారు అడిగి తెచ్చింది నేను. ఆ మోటారును ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ తగిలించి తలుపుల లోపలి ప్లాస్టిక్ పలకలన్నీ గీరేసిందీ నేనే.

బావ కంట పడకముందే సర్దేద్దామని పొద్దున్నుంచి కూర్చున్నాను. నాలుగు పలకలూ ఊడదీసి, సర్ఫు నీళ్లతో కడిగి, ఉప్పు కాగితంతో రుద్ది, నల్ల స్ప్రే కొట్టి మిద్దె మీద ఆరబెట్టాను. షోరూములోంచి ఇప్పుడే తెచ్చినట్టు వచ్చాయి. కిందికి పోయి కాఫీ తాగి వచ్చేసరికి ఒక్కో పలక మీద మూడేసి పసుపు చుక్కలు, వాటి నడుమ కుంకుమ. పక్కనే పసుపు చేతులతో మా అమ్మ.

"ఏం పని చేసినావు మా! పెయింటు ఇంకా ఆరనే లేదు."

"కొత్త సామానుకు బొట్టు పెట్టకుండా బండికి తగిలిస్తారా యాడన్నా?"

గుడ్డతో తుడిస్తే కుంకుమతో పాటు పెయింటూ లేచొచ్చింది. మళ్లీ కొడదామంటే డబ్బాలో గాలి తప్ప ఏమీ లేదు. ఆదివారం, పెయింటు అంగళ్లన్నీ మూసేశారు.

"బావకు మాత్రం చెప్పొద్దు మా" అన్నాను, ఏడుపొక్కటే తక్కువ.

"అయ్యో, అల్లుడికి అప్పుడే ఫోన్ చేసి చెప్పేసినాను కదరా, నువ్వు కారుకు కొత్త సామాన్లు ఏయించినావని! పూజ చేద్దాం, టెంకాయ తెస్తా అన్నాడు."

తడి పెయింటులోంచి కుంకుమ తీసే ఉపాయం తెలిసినవాళ్లు ఎనిమిది లోపల చెప్పండి. లేకపోతే రేపు ఆ టెంకాయ పగిలేది కారు ముందర కాదు.