మగ్గం గుంతలో బూట్లు

నిన్న సాయంత్రం మా వీధి చివర మూసి ఉన్న దుకాణం షట్టరుకు బంతి వచ్చి తగిలింది. ఇనుప రేకు దడదడలాడి, ఆ అదురు కాసేపు చెవిలోనే నిలిచిపోయింది. దాని వెంటే దుమ్ము వాసన. అరుగు మీద కూర్చున్న నాకు హనుమంతప్ప సారు గుర్తొచ్చాడు. ఆయనతోపాటు మొన్న పేపర్లో చదివిన మాట కూడా గుర్తొచ్చి ఒళ్లు మండింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు ఫుట్‌బాలుకు చరిత్రే లేదని ఎవరో పెద్దమనిషి రాశాడు. చరిత్ర లేకపోవడం వేరు, వచ్చి అడగకపోవడం వేరు. నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ని. ఆ తరవాత చదివిందంతా పొట్లాలు కట్టిన కాగితాల్లోనూ, అట్టలు ఊడిపోయిన గ్రంథాలయం పుస్తకాల్లోనూ. అయినా ఆ చరిత్రలో కొంత నాకు తెలుసు, ఎందుకంటే అందులో నేనూ పరిగెత్తాను.

హనుమంతప్ప పరిగి దగ్గర సేద్యగాళ్ల ఇంట పుట్టినవాడు. కుర్రతనంలో ఆయన ఆట చూసి బెంగళూరులో ఒక మిల్లువాళ్లు తీసుకుపోయారు. పేరుకు మిల్లులో ఉద్యోగం, జీతమిచ్చేది మాత్రం ఫుట్‌బాల్ ఆడటానికి. యాభైల మొదట్లో మన ఆటగాళ్లు చాలామంది వట్టికాళ్లతోనే ఆడేవాళ్లు. హనుమంతప్ప వట్టికాలు బంతిని తాకితే చప్పుడు కూడా వినపడదని హిందూపురం టీ అంగళ్లలో చెప్పుకునేవారు. అలాంటివాడు ఆట మంచి జోరులో ఉండగానే బెంగళూరు వదిలి హిందూపురం వచ్చేశాడు. మోకాలు పోయిందన్నారు కొందరు. మోకాలు పోయినవాడు అంతెత్తు ఎట్లా ఎగురుతాడు? మేనేజరుతో తగవన్నారు ఇంకొందరు. ఏ మాటా నాకు అతకలేదు. అడగబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయేవాణ్ని.

మా ధర్మవరం పట్టుచీరల వ్యాపారులు నేతగాళ్లతో ఒక జట్టు కట్టి ఆయన్ను కోచ్‌గా పెట్టుకున్నారు. అమావాస్య నాడు మేము మగ్గం ముట్టం. ఆ రోజు పొద్దున ప్యాసింజరు దిగి, స్టేషను వెనక బయల్లో మాకు ఆట నేర్పి, సాయంత్రం బండికి వెళ్లిపోయేవాడు. మొదటి రోజు వరసగా నిలబెట్టి బంతి తన్నమన్నాడు. నా పక్కింటి నారాయణ ఒకసారి కుడికాలితో, ఒకసారి ఎడమకాలితో తన్నాడు.

"ఏమబ్బా, నీది ఏ కాలు?" అన్నాడు సారు.

"ఏ కాలంటే? రెండూ నావే సార్."

మేము పడీపడీ నవ్వాం. ఆయన నవ్వలేదు. "మా హిందూపురం పక్క పిల్లోల్లకు ఒక కాలే ఉంటాది. రెండోది నిలబడేదానికి. మీకు రెండు కాళ్లు యాడివిరా?" అని నిజంగానే అడిగాడు. మగ్గం తొక్కే కాళ్లు సార్ అని చెప్పాం. ఆ మధ్యాహ్నమే చూడటానికి మా ఇంటికి వచ్చాడు. అమావాస్య కాబట్టి నేత లేదు. మరోసారి ప్రత్యేకంగా మామూలు రోజున వచ్చి, నేసేవాడు కాళ్లు దించుకునే మగ్గం గుంత పక్కన గొంతుక్కూర్చుని, మా నాయన కాళ్లు తొక్కుడు కర్రలను మార్చిమార్చి తొక్కడం సినిమా చూసినట్టు చూశాడు.

"ఏమప్పా, మొగం ఈడ పెట్టుకోనుంటే కాళ్లు చూస్తాండావు?" అన్నాడు నాయన.

"మొగంతో బంతాడలేము గదన్నా!"

ఏడాది తిరిగేసరికి మా జట్టు పేరు పెనుకొండ దాకా పాకింది. అక్కడ పోటీలు పెట్టారు. రమ్మని పిలిచి, వట్టికాళ్ల జట్టును మాత్రం మైదానంలోకి రానిచ్చేది లేదని కబురు చేశారు. ఇటు వ్యాపారులు, ఈ పోటీలో దిగకపోతే జట్టూ వద్దు, కోచూ వద్దని తేల్చేశారు. నాకు కోపం నషాళానికెక్కింది. "మనల్ని పిలిచి మన కాళ్లకు వంక పెడతారా? పోవద్దు సార్!" అని అరిచాను. ఆయన సాయంత్రం రైలెక్కి వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాం.

మరుసటి అమావాస్యకు గోనెసంచి మోసుకుంటూ దిగాడు. సంచి నిండా పాత బూట్లు. బెంగళూరు వెళ్లి, ఒకప్పటి తోటి ఆటగాళ్ల గడపలు ఎక్కి అడిగి తెచ్చాడట. మేము దూరంగా నిలబడి చూస్తుంటే ముందు ఆయనే ఒక జత తొడుక్కున్నాడు. పరిగెత్తి బంతిని తన్నబోయి దబ్బున వెల్లకిలా పడ్డాడు. రైలు కట్ట మీద జనం ఈలలు వేశారు. "కోచప్పకే కోచింగు కావల్లప్పో!" అని ఎవరో అరిచారు. ఆయన లేచి, దుమ్ము దులుపుకొని, మళ్లీ పరిగెత్తి మళ్లీ పడ్డాడు.

నీళ్లిచ్చే నెపంతో దగ్గరికి పోయి అడిగేశాను, బెంగళూరు ఎందుకు వదిలారని.

"ఇదిగో, ఈ బూట్లకే. వేసుకోవల్లని మిల్లోల్లు పట్టుబట్టిరి. నా కాళ్లకు సంకెళ్లేసేదానికి మీరెవరని విసిరికొట్టి వచ్చేస్తి."

నాకు ఆయన మీద గౌరవం రెండింతలైంది. అదే నిజమైతే ఇప్పుడెందుకు తొడుగుతున్నాడో మాత్రం బోధపడలేదు.

పోటీలు అయ్యేదాకా సారు ధర్మవరంలోనే మకాం పెట్టి రోజూ ఆడించాడు. బూట్లలో మాకు బంతి తెలియడం లేదు. తొక్కుడు కర్ర ఎంత నొక్కాలో మా అరికాలికి తెలుసు; తోలు అడ్డం వచ్చేసరికి ఆ అరికాలు గుడ్డిదైపోయింది. అప్పుడు సారు ఒక పొరపాటు చేశాడు. మా ఇంటికొచ్చి, "పిల్లోల్లు బూట్లేసుకోని కొన్నాళ్లు మగ్గం తొక్కితే కాలికి తెలివొస్తాది" అన్నాడు.

నాయన పోగు నడిపే నాడె పక్కన పెట్టి లేచాడు. "కాళ్లు కడక్కుండా దిగం మేము ఈ గుంతలోకి. చెప్పులేసుకోని దిగల్లా? మాకు కూడు పెట్టే తల్లప్పా ఇది. లే, పో!"

సారు రెండు చేతులూ జోడించి బయటికి నడిచాడు. నేరుగా బయలుకు పోయి పార అడిగి గుంత తవ్వాడు. చెక్కముక్కలకు తాళ్లు కట్టి తొక్కుడు కర్రల్లాంటివి వేలాడదీశాడు. మేము బూట్లతో అందులో దిగి తొక్కుతుంటే ఒకటి పైకీ ఒకటి కిందికీ పోక రెండూ ఒకేసారి కూలబడేవి. మూడో పూటో నాలుగో పూటో, చెంబు పట్టుకుని అటుగా వచ్చిన నాయన ఆగి చూశాడు. చూసి ఓర్చుకోలేకపోయాడు.

"ఏందప్పా ఈ కట్టుడు? కోతి కట్టినట్టుండాది! లేయండి పక్కకి."

గుంత అంచున కూర్చుని తాళ్లన్నీ విప్పి, మగ్గానికి కట్టినట్టే సమంగా కట్టాడు. "ఇది మగ్గం కాదు. అందుకని కట్టినా" అని సారుతో గట్టిగా చెప్పి, చెంబు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం నుంచి మా కాళ్లకు కొంచెం కొంచెంగా బంతి తెలియసాగింది.

పెనుకొండ కొండ కింద మైదానంలో రెఫరీ మా బూట్ల అడుగులు తిప్పి తిప్పి చూసి లోపలికి పంపాడు. మొదటి ఆట నారాయణ ఎడమకాలి గోలుతో గెలిచాం. రెండోది ఓడిపోయాం. అయినా ఆనాడు కట్ట మీద ఈలలు వేసినవాళ్లే, ధర్మవరం నుంచి ఆట చూడ్డానికి వచ్చి, మమ్మల్ని స్టేషను దాకా ఊరేగింపుగా తీసుకొచ్చారు. జట్టు ఉంటుందనీ, సారూ ఉంటాడనీ వ్యాపారులు అక్కడే మాటిచ్చారు.

మా బండి ధర్మవరం వైపు, ఆయనది హిందూపురం వైపు. ప్లాట్‌ఫారం మీద ఆయన తన బూట్ల దారాలు విప్పుతుంటే మడమలు పచ్చిపుండ్లుగా కనిపించాయి.

"ఆ రోజు బూట్లు విసిరికొట్టకపోయుంటే ఇంకా ఆడతాండేవాళ్లు గదా సార్?" అన్నాను.

ఆయన రెండో బూటు కూడా లాగి పక్కన పెట్టాడు. "విసిరికొట్టలేదబ్బా. వేసుకోని తన్ని చూస్తి. బంతి యాడికో పోయ. చూసినోళ్లంతా నవ్విరి. ఆ నవ్వు మళ్లా వినల్లంటే చాతగాక రైలెక్కితి. కోపమని ఊరంతా చెప్పుకుంటి. భయమది."

"మరి ధర్మవరంలో అంతమంది ముందర పడితిరే?"

"నేను పడకుంటే మీరు ముట్టుకుంటారా వాటిని?"

ఆయన బండి ముందు వచ్చింది. చేతిలో బూట్లు, వట్టికాళ్లతో ఎక్కాడు.

అరవైల్లో మా వీధిలోకి అంచుల పూలు నేసే జకార్డు పెట్టె వచ్చినప్పుడు, చేతి పనికి చావొచ్చిందని అందరికంటే గట్టిగా అరిచింది నేనే. అరుస్తూ అరుస్తూ మధ్యలో ఆగాను. ఏ పోగు లేవాలో చెప్పే ఆ అట్టల చిల్లులు నాకు అర్థం కావేమోనన్న భయం నా గొంతులో నాకే వినిపించింది. మర్నాడే పోయి నేర్చుకున్నాను. ఇప్పటికీ కోపం వచ్చినప్పుడల్లా దాని కింద భయమేమైనా దాక్కుందా అని తడిమి చూసుకుంటాను. ఉంటే నోరు మూసుకుని నేర్చుకుంటాను. లేకపోతే మాత్రం నా గొంతు తగ్గించడం ఎవరి తరమూ కాదు.